మడమ నొప్పికి అల్ట్రాసౌండ్ స్కాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

మడమ నొప్పికి డాక్టరు అల్ట్రాసౌండ్ స్కాన్ రాసినప్పుడు, కడుపుకు చేసే స్కాన్ కాలికెందుకు అన్న సందేహం చాలామందికి కలుగుతుంది. ఆ సందేహం మొదలుకొని, రిపోర్టు చేతికి వచ్చాక కలిగే అనుమానాల దాకా ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఒక మాట ముందే చెప్పాలి. మడమ విషయంలో స్కాన్ అనేది డాక్టరు చేత్తో చేసే పరీక్షకు కొనసాగింపే తప్ప, దానికి బదులు కాదు.

మడమ నొప్పి ఉన్న ప్రతి ఒక్కరూ స్కాన్ చేయించుకోవాలా?

అక్కర్లేదు. మడమ అడుగున వచ్చే నొప్పికి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం ప్లాంటార్ ఫేసియైటిస్. మడమ ఎముక అడుగు భాగంలో మొదలై, అరికాలి పొడవునా సాగి, వేళ్ల మొదళ్ల దాకా వెళ్లే దళసరి పట్టీని ప్లాంటార్ ఫేసియా అంటారు. పాదం వంపు కుంగిపోకుండా నిలిపేవాటిలో ఇది ముఖ్యమైనది. ఇది ఎముకకు అతుక్కునే చోట దెబ్బతిన్నప్పుడు, పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగులోనో, చాలాసేపు కూర్చుని లేచినప్పుడో నొప్పి తీవ్రంగా ఉంటుంది. నాలుగడుగులు వేశాక కాస్త సర్దుకుంటుంది, ఎక్కువసేపు నిలబడితే మళ్లీ పెరుగుతుంది. మడమ అడుగున లోపలి వైపు బొటనవేలితో గట్టిగా నొక్కితే రోగి కాలు వెనక్కి లాక్కుంటారు. ఈ లక్షణాలు స్పష్టంగా ఉన్నప్పుడు ఏ స్కానూ లేకుండానే వ్యాయామాలు, పాదరక్షల మార్పు, తగినంత విశ్రాంతితో చికిత్స మొదలుపెట్టవచ్చు. అలా చేయడమే సరైన పద్ధతి కూడా.

లక్షణాలు ఈ వర్ణనకు సరిపోనప్పుడు, చికిత్స సరిగ్గా పాటించినా కొన్ని నెలలుగా గుణం కనిపించనప్పుడు, ఇంజెక్షన్ లేదా ఆపరేషన్ ఆలోచన వచ్చినప్పుడు, ఉన్నట్టుండి ఏదో తెగినట్టు అనిపించి నొప్పి మొదలైనప్పుడు స్కాన్ నిజంగా ఉపయోగపడుతుంది. ఏ ప్రశ్నకు సమాధానం కావాలో తెలియకుండా చేయించిన స్కాన్ కొత్త అనుమానాలను పుట్టించడమే ఎక్కువ.

ఎక్స్‌రేలో 'ఎముక పెరిగింది' అని చెప్పారు. కారణం తెలిసిపోయినట్టే కదా, ఇక స్కాన్ ఎందుకు?

మడమ నొప్పి గురించి జనంలో బాగా పాతుకుపోయిన అపోహ ఇది. మడమ ఎముక అడుగున ముందుకు పొడుచుకొచ్చిన ముల్లులాంటి భాగాన్ని స్పర్ అంటారు. ఏ నొప్పీ లేనివారికి ఎక్స్‌రే తీసినా చాలామందిలో ఇది కనిపిస్తుంది, విపరీతమైన నొప్పి ఉన్నవారిలో కనిపించకపోవడమూ అంతే మామూలు. పైగా ఆ ముల్లు గుచ్చుకోవడం వల్ల నొప్పి వస్తుందన్న ఊహ కూడా సరికాదు. స్పర్ చాలాసార్లు ఫేసియాలో కాకుండా, దానికి పైన ఉండే పొట్టి కండరం మొదలయ్యే చోట పెరుగుతుంది. వయసుతో పాటు, ఏళ్ల తరబడి పడిన ఒత్తిడితో పాటు వచ్చే మార్పుగానే దాన్ని చూడాలి.

ఎక్స్‌రేకు ఎముక బాగా తెలుస్తుంది. ఫేసియా, టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం), కొవ్వు మెత్త, నరం వంటి మెత్తని భాగాల వివరం అందులో దాదాపు తెలియదు. మడమ నొప్పి ఎక్కువసార్లు పుట్టేది ఆ మెత్తని భాగాల్లోనే కాబట్టి వాటిని చూడగల పరీక్ష అవసరమవుతుంది. ఎముక విరిగిందన్న అనుమానం ఉన్నప్పుడు మాత్రం ఎక్స్‌రేనే ముందు తీయాలి.

అల్ట్రాసౌండ్ మడమలో దేన్ని, ఎలా చూపిస్తుంది?

చర్మం మీద ఆనించే చేతి పరికరాన్ని ప్రోబ్ అంటారు. మన చెవికి వినిపించని, సెకనుకు 20,000 కంపనాలకు మించిన శబ్ద తరంగాలను అది శరీరంలోకి పంపుతుంది. ఆ తరంగాలు మెత్తని భాగాల్లో సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగంతో ప్రయాణిస్తాయి. ఒక రకం కణజాలం నుంచి మరో రకంలోకి మారే ప్రతి చోటా కొంత శబ్దం వెనక్కి తిరిగి వస్తుంది. తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఆ హద్దు ఎంత లోతులో ఉందో యంత్రం లెక్కకట్టి బొమ్మగా మారుస్తుంది.

కడుపు స్కాన్‌కు లోతుగా వెళ్లే తక్కువ ఫ్రీక్వెన్సీ (సెకనుకు కంపనాల సంఖ్య) ప్రోబ్ వాడతారు. మడమలో చూడవలసినవన్నీ చర్మానికి దగ్గరలోనే ఉంటాయి కాబట్టి ఎక్కువ ఫ్రీక్వెన్సీ గల, అడుగు సమతలంగా ఉన్న లీనియర్ ప్రోబ్ వాడతారు. సాధారణంగా ఇది 7 నుంచి 15 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది, కొన్ని యంత్రాల్లో ఇంకా ఎక్కువే. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ లోతు తగ్గుతుంది, వివరం పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఫేసియా ఈ ప్రోబ్ కింద తాడులోని పేటల్లా పక్కపక్కనే సాగే తెల్లటి సన్నని గీతలుగా కనిపిస్తుంది.

పరీక్ష సమయంలో ఏం చేస్తారు? నొప్పి పెడుతుందా?

బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, పాదాలు బల్ల అంచు దాటి కిందికి వేలాడేలా సర్దుతారు. మడమకు జెల్ రాసి, ప్రోబ్‌ను ముందు అరికాలి పొడవునా, తర్వాత అడ్డంగా ఆనిస్తారు. మడమ చర్మం దళసరిగా, పగుళ్లతో ఉంటే పగుళ్లలో చిక్కుకున్న గాలి శబ్దాన్ని అడ్డుకుంటుంది, అందుకే జెల్ ఎక్కువగా పట్టిస్తారు. కాలి వేళ్లను మోకాలి వైపు మెల్లగా వంచి పట్టుకుంటే ఫేసియా బిగుసుకుని దాని అంచులు స్పష్టమవుతాయి. ప్రోబ్‌తో నొక్కినప్పుడు నొప్పి ఉన్న చోట కాస్త బాధ కలుగుతుంది. ఆ బాధ కూడా పరీక్షలో భాగమే: సరిగ్గా ఎక్కడ నొక్కితే 'అక్కడే' అని మీరంటారో, ఆ క్షణంలో తెర మీద ఏ భాగం ఉందో చూడగలగడం అల్ట్రాసౌండ్‌కున్న గొప్ప సౌలభ్యం. కదలకుండా పడుకోబెట్టి తీసే ఎంఆర్ఐలో ఇది సాధ్యం కాదు.

నైపుణ్యం అవసరమయ్యే చోటు ఒకటుంది. తరంగాలు ఫేసియా పోగులకు నిట్టనిలువుగా తగలాలి. ప్రోబ్ కొద్దిగా వాలినా, తిరిగి రావలసిన శబ్దం పక్కకు పోయి, ఆరోగ్యంగా ఉన్న భాగం కూడా నల్లగా, జబ్బు పడినట్టు కనిపిస్తుంది. ఫేసియా ఎముకకు అతుక్కునే చోట వంపు తిరుగుతుంది కాబట్టి, జబ్బు ఎక్కువగా వచ్చే చోటే ఈ పొరపాటుకూ ఎక్కువ ఆస్కారం ఉంది. అనుభవం ఉన్నవారు ప్రోబ్‌ను ఇటూ అటూ వాల్చి, నలుపు అలాగే ఉంటుందో పోతుందో చూసిన తర్వాతే నిర్ణయానికి వస్తారు. అందుకే కండరాలు, కీళ్ల స్కాన్లు క్రమం తప్పకుండా చేసేవారి దగ్గర ఈ పరీక్ష చేయించుకోవడం మేలు.

రెండు మడమలూ చూడటంతో కలిపి పరీక్ష మొత్తం 15 నుంచి 20 నిమిషాల్లో ముగుస్తుంది. ఉపవాసం, మందులు ఆపడం వంటివేమీ అక్కర్లేదు. నొప్పి లేని కాలిని కూడా ఎందుకు చూస్తున్నారని అడ్డుచెప్పకండి. మీ కాలికి సరైన కొలబద్ద మీ రెండో కాలే.

రిపోర్టులో ఫేసియా మందం 4.8 మిల్లీమీటర్లు అని ఉంది. అంటే జబ్బు ఉన్నట్టేనా?

మడమ ఎముక దగ్గర ఫేసియా మందం మామూలుగా 2 నుంచి 4 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. 4 దాటితే మందం పెరిగినట్టుగా లెక్కిస్తారు. నొప్పి లేని వైపుతో పోల్చినప్పుడు ఒక మిల్లీమీటరుకు మించిన తేడా ఉంటే ఆ అంకెకు బలం చేకూరుతుంది. అయితే అంకె ఒక్కటే జబ్బు కాదు. బరువు ఎక్కువగా ఉన్నవారిలో, మధుమేహం ఉన్నవారిలో నొప్పి లేకపోయినా ఫేసియా దళసరిగా ఉండవచ్చు.

అంకెతో పాటు మరికొన్ని విషయాలు చూడాలి. పోగుల గీతలు చెదిరి, ఆ భాగం నల్లబడిందా? దాని అంచులు మసకబారి ఉబ్బెత్తుగా ఉన్నాయా? చుట్టూ నీరు చేరిందా? కలర్ డాప్లర్ పెట్టి చూసినప్పుడు మామూలుగా కనిపించని రక్తప్రసారం కనిపిస్తోందా? వీటిలో కొన్నయినా ఉండి, ప్రోబ్ నొక్కినప్పుడు నొప్పి సరిగ్గా అక్కడే వస్తే, 4.8 అనే అంకెకు అర్థం ఉంది. ఏ మార్పూ లేకుండా, నొప్పి వేరొక చోట ఉంటే ఆ అంకెను పట్టుకుని చికిత్స చేయడం తగదు.

మరో విషయం కూడా రోగులు తెలుసుకోవాలి. దీర్ఘకాలంగా బాధపడినవారి ఫేసియా ముక్కను మైక్రోస్కోపు కింద చూసినప్పుడు వాపు కణాలకన్నా పోగుల అరుగుదల, అస్తవ్యస్తమైన అల్లిక ఎక్కువగా కనిపిస్తాయి. వాపు తగ్గించే మాత్రలతో కొన్నిరోజులు ఉపశమనం కలిగినా జబ్బు పూర్తిగా పోకపోవడానికి ఇదొక కారణం. పిక్కలను, ఫేసియాను సాగదీసే వ్యాయామాలను, మడమను క్రమంగా బలపరిచే వ్యాయామాలను నెలల తరబడి చేయమనడం ఇందుకే.

నొప్పి మడమ అడుగున కాదు, వెనుక ఉంది. అప్పుడు స్కాన్ ఏం చెబుతుంది?

మడమ వెనుక భాగానికి అల్ట్రాసౌండ్ ఇంకా బాగా పనికొస్తుంది. పిక్క కండరాలను మడమకు కలిపే అకిలిస్ టెండన్ చర్మం కిందే ఉంటుంది కాబట్టి మొదటి నుంచి చివరి దాకా చూడవచ్చు. దాని మందం మామూలుగా 6 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. మడమకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన కదురు ఆకారంలో ఉబ్బడం ఒక రకం జబ్బు, ఎముకకు అతుక్కునే చోటే పోగులు చెడి సున్నం పేరుకోవడం మరో రకం. ఈ రెండింటికీ చెప్పే వ్యాయామాల్లో తేడా ఉంది: మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించే వ్యాయామం మొదటి రకానికి మేలు చేస్తుంది, రెండో రకంలో మడమను మెట్టు కిందికి దించితే నొప్పి పెరగవచ్చు. స్కాన్ ఈ తేడాను స్పష్టంగా చూపుతుంది.

టెండన్‌కూ ఎముకకూ మధ్య ఉండే చిన్న ద్రవపు సంచిలో వాపు ఉందేమో కూడా చూస్తారు. అందులో కొద్దిపాటి ద్రవం సహజమే, సంచి ఉబ్బి ఉంటేనే దాన్ని జబ్బుగా పరిగణించాలి. ఆడుతుండగానో, పరుగెత్తుతుండగానో వెనుక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి కాలు బలం కోల్పోతే టెండన్ తెగిందేమో వెంటనే చూపించుకోవాలి. పాదాన్ని పైకీ కిందికీ కదుపుతూ స్కాన్ చేస్తే తెగిన కొసల మధ్య ఎంత ఎడం ఉందో తెలుస్తుంది. సిప్రోఫ్లాక్ససిన్ వంటి ఫ్లోరోక్వినోలోన్ రకం యాంటీబయాటిక్ వాడుతున్న సమయంలో ఈ టెండన్ నొప్పి మొదలైతే ఆ మందు సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి, ఆ మందులకు టెండన్‌ను బలహీనపరిచే గుణం ఉంది. రెండు టెండన్లూ ముద్దలుగా దళసరెక్కి ఉంటే, వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్టరాల్ ఉందేమో రక్తపరీక్ష చేయించవలసి ఉంటుంది. కాలి మీద చేసిన స్కాన్ గుండెకు రాబోయే ప్రమాదాన్ని పసిగట్టే అరుదైన సందర్భం ఇది.

ఫేసియా, టెండన్ కాకుండా ఇంకేవైనా కారణాలు బయటపడతాయా?

బయటపడతాయి. మడమ అడుగున ఉండే కొవ్వు మెత్త వయసుతో పలచబడవచ్చు, లేదా అదే చోట పదేపదే చేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్ల కూడా తగ్గవచ్చు. అప్పుడు నొప్పి మడమ నడిమధ్యన, గట్టి నేల మీద చెప్పుల్లేకుండా నడిచినప్పుడు ఎక్కువవుతుంది. ప్రోబ్‌తో నొక్కకుండా ఒకసారి, నొక్కి ఒకసారి కొలిస్తే ఆ మెత్తలో ఎంత పట్టు మిగిలి ఉందో అంచనా వేయవచ్చు.

పాత ముల్లు, గాజు పెంకు, చెక్క పేడు లోపల మిగిలిపోయి ఉంటే అల్ట్రాసౌండ్ చక్కగా పట్టిస్తుంది. చెక్క, ముల్లు సాధారణంగా ఎక్స్‌రేలో కనిపించవు కాబట్టి, గాయం మానినా ఒకే చోట నొప్పి, వాపు నిలిచిపోయినవారికి ఈ పరీక్ష ఎంతో ఉపయోగకరం. ఫేసియాలో పుట్టే గట్టి కణుతులు మడమకన్నా పాదం వంపులోనే ఎక్కువగా ఉంటాయి, చేతికి తగులుతాయి, స్కాన్‌లో కచ్చితంగా తేలుతాయి.

మంట, తిమ్మిరి, కరెంటు షాకులాంటి జిల్లు ఉంటే నరం మీద ఒత్తిడి ఉందేమో ఆలోచించాలి. చీలమండ లోపలి వైపు నుంచి పాదంలోకి దిగే నరాన్ని నీటి తిత్తి గానీ, ఉబ్బిన సిర గానీ నొక్కుతుంటే స్కాన్ దాన్ని చూపగలదు. మడమ దగ్గరి సన్నని నరం కొమ్మ నలిగిన సందర్భాల్లో నరం స్వయంగా కనిపించడం కష్టం, అది పోషించే కండరం చిక్కిపోవడమే ఆధారంగా దొరుకుతుంది.

నాకు రెండు మడమలూ నొప్పిగా ఉన్నాయి. తేడా ఏమైనా ఉందా?

ఎక్కువసేపు నిలబడి పనిచేసేవారికి రెండు వైపులా ప్లాంటార్ ఫేసియైటిస్ రావడం అరుదేమీ కాదు. అయితే వయసు 40 లోపు ఉండి, పొద్దున లేవగానే నడుము అరగంటకు పైగా బిగుసుకుపోయి కదిలితే తగ్గుతుంటే, లేదా సోరియాసిస్, కంట్లో పదేపదే ఎరుపు, వేలు మొత్తం ఉబ్బడం వంటివి ఉంటే, వెన్నెముకకు, కీళ్లకు సంబంధించిన వాపు జబ్బు మడమ దగ్గర బయటపడుతోందేమో చూడాలి. ఇటువంటి జబ్బుల్లో టెండన్, ఫేసియా ఎముకకు అతుక్కునే చోటే వాపు వస్తుంది. అక్కడ ఎముక అంచు కొరికినట్టు గరుకుగా ఉండటం, డాప్లర్‌లో రక్తప్రసారం ఎముకను ఆనుకుని కనిపించడం గుర్తులు. అలాంటి రిపోర్టు వస్తే కీళ్లవాతం నిపుణులను కలవాలి. ఏళ్ల తరబడి మడమ నొప్పి మందులే వాడుతూ అసలు జబ్బును వదిలేయడం కన్నా నష్టం మరొకటి లేదు.

స్కాన్ నార్మల్ అని వచ్చింది, కానీ నొప్పి తగ్గలేదు. ఇప్పుడేం చేయాలి?

నొప్పి లేదని ఆ రిపోర్టుకు అర్థం కాదు. అల్ట్రాసౌండ్ ఎముక పైపొర దాకా వెళ్లి ఆగిపోతుంది, ఎముక లోపలికి చూడలేదు. మడమ ఎముకలో సన్నని పగులు వచ్చినా, లోపల మజ్జలో నీరు చేరినా, కణితి ఉన్నా స్కాన్ నార్మల్‌గానే ఉండవచ్చు. నడక, పరుగు ఒక్కసారిగా పెంచినవారిలో, ఎముకలు గుల్లబారినవారిలో మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో ఒత్తినప్పుడు నొప్పి వస్తే పగులును అనుమానించాలి. ఎక్స్‌రేలో కూడా ఆ పగులు మొదటి రెండు మూడు వారాలు కనిపించకపోవచ్చు. ఎంఆర్ఐ మాత్రం తొందరగా పట్టిస్తుంది. నడుము నుంచి వచ్చే నరం నొక్కుకుపోయినా మడమ నొప్పి పుడుతుంది, దాన్ని మడమ స్కాన్ చెప్పలేదు.

స్కాన్ చూస్తూ ఇంజెక్షన్ చేస్తామన్నారు. దానివల్ల లాభం ఏమిటి?

సూది మొన ఎక్కడుందో తెర మీద కనిపిస్తూ ఉంటుంది కాబట్టి మందు ఫేసియా పోగుల మధ్యకు గానీ, కొవ్వు మెత్తలోకి గానీ పోకుండా అనుకున్న చోట పడుతుంది. స్టెరాయిడ్ కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా నొప్పి తగ్గించగలదు. ఆ తర్వాత ప్రయోజనం తగ్గిపోవడం మామూలే. ఫేసియా తెగడం, కొవ్వు మెత్త పలచబడటం దీనివల్ల కలిగే ప్రమాదాలు, స్కాన్ చూస్తూ చేసినంత మాత్రాన అవి పూర్తిగా తొలగిపోవు. ఇంజెక్షన్‌కు ముందు చేసే స్కాన్‌లో ఫేసియాలో చిరుగు ఉన్నట్టు తేలితే స్టెరాయిడ్ వాడకపోవడమే మంచిది.

పిల్లలకు, గర్భిణులకు ఈ స్కాన్ చేయవచ్చా?

చేయవచ్చు. ఇందులో ఎక్స్‌రే కిరణాలు లేవు, అయస్కాంతం లేదు, పేస్‌మేకర్ ఉన్నా ఇబ్బంది లేదు. అయితే 8 నుంచి 14 ఏళ్ల మధ్య ఆటలు బాగా ఆడే పిల్లల్లో మడమ వెనుక నొప్పి సాధారణంగా ఎముక ఎదిగే భాగం మీద పడే లాగుడు వల్ల వస్తుంది. దాన్ని చేతి పరీక్షతోనే గుర్తించవచ్చు, ఎముక ఎదుగుదల పూర్తయ్యేసరికి తగ్గిపోతుంది. జ్వరం, వాపు, రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. ఈ హెచ్చరిక పెద్దలకూ వర్తిస్తుంది. మధుమేహం ఉండి మడమకు పుండు, ఎరుపు కనిపిస్తే స్కాన్ తేదీ కోసం ఎదురుచూడకుండా ఆ రోజే డాక్టరును కలవాలి.

చికిత్స పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి మళ్లీ స్కాన్ చేయించుకోవాలా?

నొప్పి తగ్గి, మామూలుగా నడవగలుగుతుంటే అక్కర్లేదు. ఫేసియా మందం నొప్పికన్నా నెమ్మదిగా తగ్గుతుంది, కొందరిలో నొప్పి పూర్తిగా పోయినా మందం అలాగే ఉంటుంది. అంకె తగ్గలేదని దిగులుపడి మళ్లీ మందులు మొదలుపెట్టడంలో అర్థం లేదు. ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే ఆరు నెలల నుంచి ఏడాది లోపు బాగవుతుంది. నొప్పి తీరు మారినా, కొత్త చోట మొదలైనా అప్పుడు రెండో స్కాన్ గురించి ఆలోచించవచ్చు.

స్కాన్‌కు వెళ్లేటప్పుడు ఏం చెప్పాలి, ఏం తీసుకెళ్లాలి?

నొప్పి ఉన్న చోటును ఒక్క వేలితో చూపించండి. అరచేతితో మడమంతా నిమిరి చూపిస్తే ఎక్కడ వెతకాలో తెలియదు. ఎప్పటి నుంచి ఉంది, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, తిమ్మిరి ఉందా, ఇంతకుముందు ఇంజెక్షన్ చేయించుకున్నారా, చేయించుకుంటే ఎన్నిసార్లు, ఏ మందులు వాడుతున్నారు అన్నవి చెప్పండి. పాత ఎక్స్‌రే ఉంటే తీసుకెళ్లండి. డాక్టరు రాసిన చీటీలో 'మడమ స్కాన్' అని మాత్రమే ఉంటే, దేని కోసం చూస్తున్నారో ఒక వాక్యం రాయమని అడగండి. 'ఫేసియా చిరుగు ఉందా?' అని రాసి ఉన్న చీటీ అందుకున్న రేడియాలజిస్టు ఆ చిరుగు కోసం ప్రత్యేకంగా వెతికి, ఉందో లేదో రిపోర్టులో తేల్చి రాస్తారు.